క్రెడిట్ స్కోరు పెంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లోను కోసం వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్ళు, వెళ్ళబోతూ భయపడుతున్నవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సింది వెతుక్కుని చదవండి. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను. స్కోరు పెంచాలనుకుంటే ముందు మీ క్రెడిట్ రిపోర్టు, అంటే మీ అప్పుల, చెల్లింపుల చిట్టా, తెప్పించుకోండి. రిపోర్టు చూడకుండా స్కోరు గురించి సలహా అడగడం, రక్తపరీక్ష చేయించకుండా మందు రాయమన్నట్టే.

క్రెడిట్ స్కోరు అంటే అసలేమిటి?

మీకు అప్పిస్తే మీరు వాయిదాలు తప్పే అవకాశం ఎంత అన్నదానికి ఒక అంచనా. అంతే. మీ ఆస్తినీ, తెలివినీ, మంచితనాన్నీ అది కొలవదు.

1956లో అమెరికాలో బిల్ ఫెయిర్ అనే ఇంజనీరు, ఎర్ల్ ఐజాక్ అనే గణితవేత్త కలిసి ఒక కంపెనీ పెట్టారు. అప్పు ఇవ్వచ్చా లేదా అన్నది మేనేజరు ఎదుటి మనిషి వాలకం చూసి తేల్చేయడం కాకుండా, పాత లెక్కలను బట్టి తేల్చవచ్చన్నది వాళ్ళ వాదన. ఆ కంపెనీయే 1989లో ఫైకో స్కోరు తెచ్చింది. తర్వాత చాలా దేశాలు ఇలాంటి పద్ధతుల్లోకే వచ్చాయి. ఫైకో మూల స్కోరు 300 నుంచి 850 దాకా, భారతదేశంలో సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. కాబట్టి అమెరికాలో ఉన్న మీ అన్నయ్య 780నీ, ఇక్కడ మీ 780నీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడంలో అర్థం లేదు. దేని కొలబద్ద దానిదే.

నాకు మంచి జీతం ఉంది, పైసా అప్పు లేదు. స్కోరు బాగుండాలి కదా?

అందరికీ అన్యాయంగా అనిపించేది ఇక్కడే. స్కోరు లెక్కలోకి జీతం రాదు, బ్యాంకులో దాచుకున్న డబ్బూ రాదు. అప్పు తీసుకుని తిరిగి కట్టిన చరిత్ర ఉంటేనే లెక్క. ఎప్పుడూ అప్పు చేయనివాడు బ్యూరో (అప్పుల వివరాలు సేకరించి రిపోర్టు తయారుచేసే సంస్థ) దృష్టిలో మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు, అసలు తెలియనివాడు. ఫైకో స్కోరు రావాలంటే కనీసం ఒక ఖాతాకు ఆరు నెలల వయసు ఉండాలి. సిబిల్ రిపోర్టులో అయితే చరిత్ర లేనివాళ్ళకు మూడంకెల స్కోరు రాదు.

మొదలుపెట్టడానికి సులువైన దారి, డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. మీ డబ్బు బ్యాంకు దగ్గరే హామీగా ఉంటుంది కాబట్టి చరిత్ర లేకపోయినా ఇస్తారు. నెలకు ఒకటి రెండు చిన్న ఖర్చులు దాని మీద పెట్టి, బిల్లు మొత్తం కట్టేస్తూ ఏడాది గడపండి. స్కోరు కోసమని అవసరం లేని లోను తీసుకుని వడ్డీ కట్టమని మాత్రం నేనెవరికీ చెప్పను.

ఏ అంశానికి ఎంత బరువు?

అన్ని సంస్థలూ తమ సూత్రం బయటపెట్టవు. ఫైకో స్థూలంగా చెప్పిన లెక్క ఇది: సమయానికి కట్టిన చరిత్రకు 35 శాతం, ఎంత బాకీ ఉన్నారు, కార్డు మీద ఇచ్చిన లిమిట్‌లో ఎంత వాడారు అన్నదానికి 30, ఖాతాల వయసుకు 15, కొత్తగా తీసుకున్న అప్పులకు 10, రకరకాల అప్పులు కలిసి ఉండటానికి 10. మిగతా స్కోర్లలో అంకెలు మారవచ్చు గానీ, మొదటి రెండింటి పెద్దరికం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఆ రెండింటినీ సరిచేసుకోకుండా చివరి పది శాతం కోసం కుస్తీ పట్టేవాళ్ళను చాలామందిని చూశాను.

ఒక్క వాయిదా ఆలస్యమైంది. కొంప మునిగినట్టేనా?

ఎన్ని రోజులు ఆలస్యమైందన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో సాధారణంగా 30 రోజులు దాటితేనే ఆలస్యం బ్యూరోకి చేరుతుంది. రెండు మూడు రోజులైతే లేటు ఫీజు పడుతుంది గానీ రిపోర్టుకు మచ్చ రాదు. భారతదేశంలో లెక్క ఇంకొంచెం సూక్ష్మంగా ఉంటుంది. సిబిల్ రిపోర్టులో ప్రతి ఖాతా కింద నెలకొక గడి చొప్పున, 36 నెలల దాకా చిన్న పట్టిక కనిపిస్తుంది. గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ గడిలో వేస్తారు. మూడు సున్నాలుంటే సకాలంలో కట్టారని. 030 అని ఉంటే ఆ నెల లెక్క పంపే నాటికి ముప్ఫై రోజుల బాకీ నిలిచి ఉందని. మూడు ఎక్స్‌లు ఉంటే కంగారు పడకండి, ఆ నెల బ్యాంకు వివరం పంపలేదని అర్థం.

ఆ పట్టికను ఒకసారి వేలు పెట్టి చదవండి. సున్నాలు, సున్నాలు, సున్నాలు, మధ్యలో ఒక 032, మళ్ళీ సున్నాలు. లోను ఇచ్చేవాడికి ఆ ఒక్క గడి వెనకున్న కథ అక్కర్లేదు, ఆ తర్వాత ఎన్ని సున్నాలు వచ్చాయన్నదే కావాలి. పోయినేడాది మచ్చ కంటే పోయిన నెల మచ్చ ఎక్కువ బాధిస్తుంది.

మళ్ళీ జరగకుండా ఆటో డెబిట్ పెట్టుకోండి. అయితే ఆటో డెబిట్ పెట్టి ఖాతాలో డబ్బు లేకపోతే రెండు దెబ్బలు: చెక్కు తిరిగొచ్చినట్టే దానికీ జరిమానా, పైగా వాయిదా ఆలస్యం. వీలైతే వాయిదా తేదీని జీతం పడిన మూడు నాలుగు రోజుల తర్వాతికి మార్పించుకోండి. అడిగితే చాలా సంస్థలు మారుస్తాయి.

కార్డు బిల్లు ఎప్పుడూ గడువులోపే మొత్తం కడతాను. అయినా వాడకం ఎక్కువని ఎందుకు చూపిస్తోంది?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. చిక్కంతా రెండు తేదీల మధ్య ఉంది. స్టేట్‌మెంట్ తేదీ వేరు, గడువు తేదీ వేరు. చాలా బ్యాంకులు స్టేట్‌మెంట్ తయారైన రోజు బాకీ ఎంతుందో అదే బ్యూరోకి పంపుతాయి. మీరు గడువులోపు కట్టేది ఆ తర్వాత కదా.

ఉదాహరణకు మీ కార్డు లిమిట్ 1,00,000 అనుకుందాం. స్టేట్‌మెంట్ ప్రతి నెలా 12న, గడువు తర్వాతి నెల 2న. ఈ నెల 80,000 వాడారు. 12న స్టేట్‌మెంట్ వచ్చింది, 30న మొత్తం కట్టేశారు. వడ్డీ లేదు, ఆలస్యం లేదు. కానీ బ్యూరోకి వెళ్ళిన అంకె 80,000. అంటే ఈ మనిషి లిమిట్‌లో 80 శాతం వాడేసి నిండా మునిగి ఉన్నాడని. అదే మీరు 10వ తేదీన 65,000 కట్టేసి ఉంటే స్టేట్‌మెంట్‌లో 15,000 మాత్రమే కనిపించేది. జేబులోంచి పోయిన డబ్బు అదే, తేదీ ఒక్కటే మారింది.

30 శాతం దాటకూడదని అందరూ చెబుతారు. అదేమీ లక్ష్మణరేఖ కాదు. 29కీ 31కీ మధ్య అగాధం ఉండదు, ఎంత తక్కువైతే అంత మంచిది. అన్ని కార్డులూ కలిపిన మొత్తంతో పాటు, ఒక్కో కార్డునూ విడిగా చూస్తారు. నాలుగు కార్డులుండి మూడు ఖాళీగా, ఒకటి నిండుగా ఉంటే ఆ ఒక్కటీ ఇబ్బందే.

దీనిలో ఊరట ఏమిటంటే, ఆలస్యపు మచ్చలా వాడకం మచ్చ ఏళ్ళ తరబడి అంటిపెట్టుకుని ఉండదు. పాత పద్ధతి స్కోర్లలో ఈ నెల బాకీ తగ్గితే వచ్చే లెక్కలో స్కోరు లేస్తుంది. ఫైకో 10టీ, వాంటేజ్‌స్కోర్ 4.0 లాంటి కొత్తవి మాత్రం గత 24 నెలల తీరును కూడా చూస్తాయి. కాబట్టి ఇంటి లోనుకు వెళ్ళే ముందు నెల మాత్రమే బుద్ధిగా ఉంటే చాలన్న కిటుకు అన్నిచోట్లా పారదు.

కొంత బాకీ ఉంచి వడ్డీ కడితే స్కోరు పెరుగుతుందట, నిజమేనా?

కాదు. ఎవరు పుట్టించారో గానీ ఈ మాటకు చావు లేదు. వడ్డీ కట్టినందుకు మార్కులు వేసే స్కోరు లేదు. కార్డు వాడినట్టు కనిపించాలి, సమయానికి కట్టినట్టు కనిపించాలి. దానికి మొత్తం బిల్లు కట్టడమే సరైన దారి.

ఇక మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం ఇంతైనా కట్టమని బ్యాంకు చూపే మొత్తం, దాని సంగతి. అది కడితే ఆలస్యం మచ్చ పడదు, నిజమే. కానీ మిగిలిన బాకీ మీద వడ్డీ ఎక్కుతూ, వాడకం శాతం దిగకుండా ఉంటుంది. గడ్డు నెలలో ఊపిరి పీల్చుకోవడానికి పనికొస్తుంది, ప్రతి నెలా అలవాటు చేసుకుంటే మాత్రం ఊబే.

పాత కార్డు వాడటం లేదు. మూసేయమంటారా?

ఏడాది ఫీజు లేకపోతే ఉంచండి. మూసేస్తే దాని లిమిట్ పోతుంది, దాంతో మిగతా కార్డుల మీద మీ వాడకం శాతం ఒక్కసారిగా పెరుగుతుంది. కొన్ని నెలలకోసారి చిన్న ఖర్చు పెట్టి కట్టేస్తే అది బతికే ఉంటుంది. ఫీజు బరువనిపిస్తే ఫీజు లేని కార్డుగా మార్చమని అడిగి చూడండి. ఖర్చు చేయకుండా ఉండలేని బలహీనత మీకుంటే మాత్రం స్కోరును పక్కన పెట్టి మూసేయండి, తప్పు లేదు.

మూసేటప్పుడు ఒక జాగ్రత్త, నా సొంత అనుభవం నేర్పింది. ఒక కార్డు మూసేయమని ఫోన్లో చెప్పి, అయిపోయిందనుకున్నాను. మూయకముందే ఏడాది ఫీజు పడింది. ఇల్లు మారాను కాబట్టి ఉత్తరాలు పాత చిరునామాకు పోయాయి. ఏడు నెలల తర్వాత వేరే పని మీద రిపోర్టు తీస్తే, నాకు గుర్తే లేని ఆ కార్డు కింద గడులన్నీ నిండి ఉన్నాయి. ఒక్కపూట భోజనం ఖర్చంత ఫీజు, వడ్డీ మీద వడ్డీతో ఎంతో పెరిగింది. డబ్బు కట్టాను, ఫీజు వెనక్కి ఇచ్చారు కూడా. మచ్చ పోవడానికి మాత్రం చాలా ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అదే. బాకీ సున్నా అని, ఖాతా మూశామని రాతపూర్వకంగా తీసుకునేదాకా కార్డు మూసినట్టు కాదు.

నా స్కోరు నేను చూసుకుంటే తగ్గుతుందా?

తగ్గదు. మీరు చూసుకోవడం ఒక రకం, మీరు లోనుకు దరఖాస్తు పెడితే బ్యాంకు చూడటం ఇంకో రకం. రెండోదే రిపోర్టులో ఎంక్వైరీగా నమోదై, స్కోరును కాస్త కదుపుతుంది. ఒకటి రెండైతే పట్టించుకోనక్కర్లేదు. ఒకరు కాదంటే ఇంకొకరు అని వారంలో ఆరు చోట్ల దరఖాస్తు పెడితే, డబ్బు కోసం అల్లాడుతున్నాడని చదువుకుంటారు.

వడ్డీ రేట్లు పోల్చుకునేవాళ్ళను శిక్షించకూడదని ఫైకో ఇంటి లోను, కారు లోను, విద్యా లోను ఎంక్వైరీలను కొద్ది రోజుల వ్యవధిలో వస్తే కలిపి ఒక్కటిగా లెక్కిస్తుంది. ఆ వ్యవధి పాత పద్ధతుల్లో 14 రోజులు, కొత్తవాటిలో 45. క్రెడిట్ కార్డు దరఖాస్తులకు ఈ మినహాయింపు లేదు.

రిపోర్టులో తప్పు ఉంటే ఏం చేయాలి?

ముందు తప్పు కనిపించాలి కదా. స్కోరు అంకె చూసి యాప్ మూసేస్తే కనిపించదు. భారతదేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు బ్యూరోలున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అమెరికాలో ఉన్న మూడు బ్యూరోల నుంచీ వారానికొకసారి ఉచితంగా తీసుకోవచ్చు. అన్నీ తీయండి. ఒకదాంట్లో ఉన్న తప్పు మరోదాంట్లో ఉండకపోవచ్చు.

పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు నంబర్ల దగ్గర మొదలుపెట్టండి. అక్కడ తేడా ఉంటే మీ పేరే ఉన్న ఇంకొకరి అప్పు మీ నెత్తిన పడే ప్రమాదముంది. ఇంటిపేరు ముందూ వెనకా అవడం, ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగు రాయడం మన పేర్లకు మామూలే కాబట్టి ఇది మరీ ముఖ్యం. తర్వాత ఒక్కో ఖాతా. తీరిపోయిన లోను ఇంకా నడుస్తున్నట్టుందా? ఒకే అప్పు రెండుసార్లు వచ్చిందా, అసలు బ్యాంకు పేరుతో ఒకసారి, అది అమ్మేసిన వసూలు సంస్థ పేరుతో మరోసారి? మీరెప్పుడూ వెళ్ళని సంస్థ ఎంక్వైరీ ఉందా?

తప్పు దొరికితే బ్యూరోకి వివాదం నమోదు చేయండి, అప్పిచ్చిన సంస్థకూ అదే రోజు రాయండి. ఎందుకంటే బ్యూరో తనంతట తాను దిద్దదు, సంస్థను అడిగి వాళ్ళు ఔనంటేనే దిద్దుతుంది. ఒక్క బ్యూరోకే రాసి కూర్చుంటే పని సాగదీతే. అప్పు తీరినట్టు ఇచ్చిన పత్రం, ఆఖరి చెల్లింపు రసీదు జత చేయండి. ‘నా రిపోర్టు తప్పుగా ఉంది, సరిచేయండి’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఫలానా ఖాతా, ఫలానా నెల గడిలో 060 ఉంది, ఆ నెల ఫలానా తేదీన కట్టాను, రసీదు ఇదిగో అని రాయండి.

భారతదేశంలో ఫిర్యాదు 30 రోజుల్లో తేలాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అమెరికాలో కూడా విచారణకు సాధారణ గడువు 30 రోజులే.

అసలు మీరు తీసుకోని అప్పే కనిపిస్తే అది పొరపాటు కాదు, మోసం. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, దాని కాపీతో రాయండి.

బాకీ సగానికి సెటిల్ చేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఫోన్ చేసినవాడు ఇది మీకు గొప్ప అవకాశమన్నట్టు చెబుతాడు. చెప్పనిదేమిటంటే, రిపోర్టులో ఆ ఖాతా ఎదుట ‘క్లోజ్డ్’ బదులు ‘సెటిల్డ్’ అని పడుతుంది. అనుకున్నంతా కట్టలేదు, బ్యాంకు నష్టపోయిందని దాని అర్థం. తర్వాత లోనిచ్చేవాడు దాన్ని చూసి వెనకాడతాడు. అమెరికాలో ఇలాంటివి ఏడేళ్ళు, బ్రిటన్‌లో ఆరేళ్ళు రిపోర్టులో ఉంటాయి.

కట్టే స్తోమత ఉంటే మొత్తం కట్టండి. కాస్త గడువు, వడ్డీలో రాయితీ అడగండి. నిజంగా దారి లేకపోతే సెటిల్‌మెంట్ కూడా మంచిదే, ఏళ్ళ తరబడి బాకీ అలాగే వేలాడటం కంటే నయం. ఇప్పటికే సెటిల్ అయి ఉంటే, మిగిలిన మొత్తం కట్టి హోదా మార్చుకునే వీలుందేమో సంస్థను అడగండి. ఏ మాటైనా కాగితం మీద వచ్చాకే డబ్బు పంపండి.

స్నేహితుడి లోనుకు హామీ సంతకం పెట్టాను. దాంతో నాకేమిటి సంబంధం?

అతను కట్టకపోతే ఆ బాకీ మీదే. అతను కట్టినంత కాలం కూడా ఆ అప్పు మీ రిపోర్టులో కనిపించవచ్చు. రేపు మీరు లోనుకు వెళ్తే మీకింకెంత భారం మోసే శక్తి ఉందన్న లెక్కలో దాన్నీ కలుపుతారు. మొహమాటానికి పెట్టిన సంతకాలే స్కోర్లను ఎక్కువ ముంచడం చూశాను. పెట్టేసి ఉంటే ఆ లోను వాయిదాల కబురు మీ ఫోనుకూ వచ్చేలా చేయించుకోండి. ఇంకా పెట్టకపోతే, మీరే కట్టాల్సి వస్తే కట్టగలరా అని ఆలోచించుకోండి.

భార్యాభర్తలకు ఒకే స్కోరు ఉంటుందా?

ఉండదు, ఎవరిది వారిదే. ఇద్దరూ కలిసి తీసుకున్న అప్పు మాత్రం ఇద్దరి రిపోర్టుల్లోనూ ఉంటుంది. విడిపోయినప్పుడు ‘ఆ లోను నువ్వు కట్టుకో’ అని మీలో మీరు అనుకున్నంత మాత్రాన బ్యాంకు ఒప్పుకున్నట్టు కాదు.

ఒక యాప్‌లో 742, ఇంకోదాంట్లో 768. ఏది నిజం?

రెండూ నిజమే. బ్యూరోలు వేరు, సూత్రాలు వేరు, లెక్క తీసిన రోజులు వేరు. ఇరవై ముప్ఫై పాయింట్ల తేడా సహజం. వంద తేడా ఉంటే ఏదో ఒక రిపోర్టులో మరోదాంట్లో లేని ఖాతా ఉందేమో చూడండి.

ఎన్నాళ్ళలో పెరుగుతుంది?

తగ్గడానికి కారణం ఏమిటన్నదాన్ని బట్టి. కార్డు వాడకం ఎక్కువవడం వల్లే తగ్గితే ఒకటి రెండు నెలలు. భారతదేశంలో బ్యాంకులు బ్యూరోలకు లెక్కలు నెలకోసారి కాకుండా కనీసం పదిహేను రోజులకోసారి పంపాలని 2025 జనవరి నుంచి నిబంధన వచ్చింది కాబట్టి మార్పు మునుపటి కంటే త్వరగా కనిపిస్తుంది. రిపోర్టులో తప్పు వల్లయితే అది దిద్దిన వెంటనే. వాయిదాలు తప్పడం వల్లయితే ఏడాది, రెండేళ్ళు ఓపిక పట్టాలి. అక్కడ అడ్డదారి లేదు.

డబ్బు తీసుకుని స్కోరు పెంచుతామనేవాళ్ళను నమ్మవచ్చా?

వాళ్ళు చేసేదల్లా మీ తరఫున వివాదం నమోదు చేయడం, అది మీరే ఉచితంగా చేసుకోవచ్చు. నిజంగా ఎగ్గొట్టిన బాకీని రిపోర్టులోంచి చెరిపేసే మంత్రం ఎవరి దగ్గరా లేదు. పని చేయకముందే ఫీజు తీసుకోవడాన్ని అమెరికాలో 1996 నాటి చట్టమే నిషేధించింది. ఇక మీ పాస్‌వర్డు, ఓటీపీ అడిగితే, స్కోరు సంగతి దేవుడెరుగు, ముందు ఫోన్ పెట్టేయండి.

ఈ నెల వాయిదా కట్టలేనని ముందే తెలుసు. ఏం చేయాలి?

తేదీ దాటకముందే బ్యాంకుకు చెప్పండి. ఉద్యోగం పోవడం, ఆసుపత్రి ఖర్చు లాంటి కారణం ఉంటే గడువు పొడిగించడం, వాయిదా తగ్గించి కాలం పెంచడం లాంటివి అడగవచ్చు. ఇలా మార్చిన లోనును రిపోర్టులో ‘రీస్ట్రక్చర్డ్’ అని చూపించే అవకాశముంది, అదీ అడిగి తెలుసుకోండి. ఉన్న డబ్బు అన్నిటికీ చాలకపోతే కార్డుల మీద కనీసం మినిమం డ్యూ అయినా పడేలా చూసి, మిగిలినదానితో ఇల్లు, వాహనం లాంటి తాకట్టు ఉన్న లోన్లు ముందు కట్టండి. అవి తప్పితే స్కోరుతో పాటు వస్తువూ పోతుంది.

స్కోరు బాగానే ఉంది. అయినా లోను రాలేదు, ఎందుకు?

స్కోరు గుమ్మం దాటిస్తుంది, లోపల కూర్చోబెట్టేది మిగతా లెక్కలు. జీతంలో ఎంత భాగం ఇప్పటికే వాయిదాలకు పోతోంది, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళైంది, కొనబోయే ఇంటి కాగితాలు సరిగ్గా ఉన్నాయా అన్నవన్నీ బ్యాంకు విడిగా చూస్తుంది. కాదన్నప్పుడు కారణం అడగండి, అదీ రాతపూర్వకంగా. అమెరికాలో కారణం చెప్పడం చట్టం ప్రకారం తప్పనిసరి. మిగతాచోట్ల చెప్పకుండా దాటవేసినా ఊరుకోకండి. కారణం చేతికొచ్చాక రిపోర్టు తెరిచి, ఆ కారణం అందులో ఎక్కడుందో వెతకండి. అది దొరికేదాకా రెండో బ్యాంకు గుమ్మం ఎక్కకండి.